డైవ్ కంప్యూటర్ కొనేముందు: సెల్ మార్చుకునేదా, చార్జ్ చేసుకునేదా?

స్కూబా డైవింగ్ చేసేవారు మణికట్టుకు కట్టుకునే, లోతునూ నీటి కింద గడిపే సమయాన్నీ లెక్కవేసే డైవ్ కంప్యూటర్ కొనబోయేవారు తెర ఎంత పెద్దది, ఎన్ని గ్యాస్ మిశ్రమాలను అనుమతిస్తుంది, ఫోనుతో కలుస్తుందా లేదా అన్నవి ఒకటికి రెండుసార్లు విచారిస్తారు. లోపల ఉన్న బ్యాటరీ ఎలాంటిది, అది అయిపోతే దారి ఏమిటి అన్న విచారణ మాత్రం చాలాసార్లు హెచ్చరిక గుర్తు తెర మీద మొదటిసారి మెరిసిన రోజునే మొదలవుతుంది. ఆ రోజు మీరు హైదరాబాదులో ఇంట్లో ఉంటే నష్టమేమీ లేదు. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ జెట్టీ దగ్గర పొద్దున్నే బోటు ఎక్కబోతూ ఉంటే మాత్రం ఆ చిన్న గుర్తు ఆ రోజు డైవ్‌లన్నిటినీ పోగొట్టవచ్చు, ఎందుకంటే బ్యాటరీ బలం ఒక స్థాయికి దిగువకు పడిపోతే చాలా కంప్యూటర్లు డైవ్ మోడ్‌లోకి వెళ్ళడానికే నిరాకరిస్తాయి.

చేతి గడియారం ఆగిపోతే టైము మాత్రమే తెలియదు. డైవ్ కంప్యూటర్ ఆగిపోతే, గడిచిన రోజుల డైవ్‌లలో మీ ఒంట్లోకి ఎంత నైట్రోజన్ చేరింది, అందులో ఎంత బయటికి పోయింది అని అది నిమిష నిమిషానికీ వేసుకుంటూ వచ్చిన లెక్క కూడా పోవచ్చు. ఇప్పుడు చాలా కంప్యూటర్లకు ఆధారమైన బ్యూల్‌మన్ జెడ్‌హెచ్‌ఎల్-16సీ నమూనా శరీరాన్ని 16 భాగాలుగా ఊహించి లెక్కిస్తుంది. వాటిలో అన్నిటికన్నా నెమ్మదైన భాగానికి అర్ధకాలం, అంటే అందులో చేరిన అదనపు నైట్రోజన్ సగానికి తగ్గడానికి పట్టే సమయం, 635 నిమిషాలు. ఆరు అర్ధకాలాలు గడిస్తేనే ఆ భాగం దాదాపుగా ఖాళీ అయినట్టు లెక్క అనుకుంటే, దానికి 63 గంటలకు పైగా పడుతుంది. నాలుగు రోజులు వరసగా డైవ్ చేసిన తరువాత సెల్ మార్చినప్పుడు ఆ జ్ఞాపకం చెరిగిపోతే, మణికట్టు మీద ఉన్న పరికరం మిమ్మల్ని ఆ రోజే మొదటిసారి నీళ్ళలో దిగుతున్న మనిషిగా చూస్తుంది, అది చూపించే నో-డెకో సమయం (పైకి వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగనక్కర్లేకుండా ఆ లోతులో ఉండగలిగే సమయం) మీ శరీరం అనుమతించగలిగినదానికన్నా ఎక్కువగా ఉంటుంది. బ్యాటరీ రకాన్ని ఒక సౌకర్యం ప్రశ్నగా గాక భద్రత ప్రశ్నగా చూడమని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఈ ఎంపికలో రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. డైవింగ్ యాత్ర మధ్యలో, ఊరికి దూరంగా ఉన్నప్పుడు శక్తి అయిపోతే నా చేతులతో నేను ఏం చేయగలను? యాత్రలు లేని మిగతా నెలలన్నీ అది బీరువాలో పడి ఉన్నప్పుడు ఆ బ్యాటరీకి ఏమవుతుంది? అమ్మే చోట మొదటి ప్రశ్న అప్పుడప్పుడైనా వినిపిస్తుంది, రెండవది దాదాపుగా వినిపించదు. ఏడాదికి ఒకటి రెండు యాత్రలు మాత్రమే చేయగలిగే మనలాంటివారి విషయంలో తీర్పు చెప్పేది ఎక్కువగా ఆ రెండవ ప్రశ్నే.

రెండు రకాలు కావు, నాలుగు

మార్చుకునే బ్యాటరీ, చార్జింగ్ బ్యాటరీ అని రెండుగా విడదీసి చెప్పడం వాడుక. కొనేటప్పుడు పనికివచ్చే విభజన మాత్రం నాలుగు రకాలుగా ఉంటుంది. మొదటిది నాణెం ఆకారంలో ఉండే బటన్ సెల్‌తో నడుస్తూ, వాడేవారే ఇంట్లో మార్చుకోగలిగేది. సూంటో జూప్ నోవో, మారెస్ పక్ ప్రో, క్రెస్సీ లియోనార్డో వంటి ఆరంభ స్థాయి మోడళ్ళు ఈ కోవలోకి వస్తాయి. రెండవది కూడా బటన్ సెల్‌తోనే నడుస్తుంది, కానీ వెనక మూత తెరవడం సర్వీస్ సెంటర్ పని. గడియారం ఆకారంలో ఉండే పాత తరం మోడళ్ళలో ఇవి కొన్ని ఉన్నాయి. మూడవది గోడ గడియారంలో వేసే ఏఏ సైజు పెన్సిల్ సెల్ వేసుకునేది. షియర్‌వాటర్ పెర్డిక్స్, పెర్డిక్స్ 2 దీనికి బాగా తెలిసిన ఉదాహరణలు. నాలుగవది లోపలే బిగించిన లిథియం-అయాన్ బ్యాటరీని చార్జ్ చేసుకునేది. షియర్‌వాటర్ పెరెగ్రిన్, టెరిక్, సూంటో డీ5, గార్మిన్ డిసెంట్ వరస, 2022 నుంచి వస్తున్న ఆపిల్ వాచ్ అల్ట్రా అన్నీ ఇందులోకే వస్తాయి.

ఈ విభజన కంపెనీల ఇష్టాయిష్టాల వల్ల ఏర్పడినది కాదు, తెర వల్ల ఏర్పడింది. నలుపు తెలుపు ఎల్‌సీడీ తెర బయటి వెలుతురునే ప్రతిఫలిస్తూ కనిపిస్తుంది గనుక దానికి పట్టే కరెంటు చాలా స్వల్పం. రంగుల తెర చాలావరకు తన వెలుగు తానే పుట్టించుకోవాలి, దానికి అనేక రెట్లు ఎక్కువ శక్తి కావాలి. సీఆర్2450 బటన్ సెల్‌లో 3 వోల్టుల దగ్గర సుమారు 600 మిల్లీఆంపియర్-అవర్ల శక్తి ఉంటుంది. అది సన్నని ధారగా ఏళ్ళ తరబడి ఇవ్వడానికి తయారైన సెల్, ఒక్కసారిగా పెద్ద ధార ఇవ్వలేదు. అందుచేత రంగుల తెర కావాలని నిర్ణయించుకున్న క్షణంలోనే మీరు బటన్ సెల్‌ను వదులుకున్నట్టే, ఇక మిగిలేవి చార్జింగ్, పెన్సిల్ సెల్ మాత్రమే.

కాబట్టి తెర గురించి ముందు తేల్చుకోవాలి. మధ్యాహ్నపు ఎండలో బోటు మీదా, తేట నీటిలో పది పదిహేను మీటర్ల లోతులోనూ నలుపు తెలుపు తెర చక్కగా చదవవచ్చు. నీరు మసకగా ఉన్నప్పుడు, రాత్రి డైవ్‌లో, ముప్పై మీటర్ల దరిదాపుల్లో రంగుల తెర తేడా స్పష్టంగా తెలుస్తుంది. నలభై ఐదు దాటి చత్వారం వచ్చినవారికి ఈ తేడా ఇంకా పెద్దది. అంకెలు కనిపించని కంప్యూటర్‌లో ఎంత మంచి బ్యాటరీ ఉన్నా ప్రయోజనం లేదు గనుక, కళ్ళు ఇబ్బంది పెడుతున్నవారు కింద బటన్ సెల్ గురించి నేను చెప్పే మంచి మాటలన్నిటినీ పక్కన పెట్టి రంగుల తెరకే వెళ్ళాలి.

బటన్ సెల్ బలం, దాని పరీక్ష

ఇంట్లోనే మార్చుకోగలిగే బటన్ సెల్ కంప్యూటర్ గొప్పతనం దాని ఓపికలో ఉంది. మంచి లిథియం బటన్ సెల్ ఊరికే ఉన్నప్పుడు ఏడాదికి తన శక్తిలో ఒక శాతం దరిదాపుల్లో మాత్రమే కోల్పోతుంది. పది నెలలు పెట్టెలో ఉండి బయటికి వచ్చినా కంప్యూటర్ పనికి సిద్ధంగానే ఉంటుంది. మితంగా డైవ్ చేసేవారికి ఒక సెల్ ఏడాది, రెండేళ్ళు రావడం మామూలే. కొత్త సెల్ ధర కంప్యూటర్ ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ మోడల్ తయారీ ఆగిపోయి పదేళ్ళయినా ఆ సైజు సెల్ దొరుకుతూనే ఉంటుంది, పరికరం బతికే ఉంటుంది.

సెల్ కొనేటప్పుడు అంకెలు సరిగ్గా చూసుకోవాలి. సీఆర్2450లో మొదటి 24 వ్యాసాన్నీ, చివరి 50 మందాన్నీ చెబుతాయి, అంటే 24 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం. సీఆర్2430 అదే వెడల్పుతో 3 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది, శక్తి కూడా దాదాపు సగమే. వెడల్పు ఒకటే కదా అని ఒకదాని బదులు మరొకటి వేస్తే కుదరదు. కార్ల తాళాలలో వాడే సీఆర్2032 ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది గాని, ఈ రెండూ చిన్న ఊళ్ళలో, ముఖ్యంగా ద్వీపాలలో అడిగిన వెంటనే దొరుకుతాయన్న నమ్మకం లేదు. పేరున్న కంపెనీ సెల్‌ను, తయారీ తేదీ చూసి, ఊరి నుంచే రెండు కొని తీసుకువెళ్ళడం మంచిది. నకిలీ సెల్స్ మార్కెట్లో ఉన్నాయి; మీటరు పెట్టి చూస్తే అవి కూడా మూడు వోల్టులకు పైగా చూపిస్తాయి, ఎందుకంటే భారం లేనప్పుడు వోల్టేజీ లోపలి శక్తి ఎంత ఉందో చెప్పదు.

మార్చడం కష్టమైన పని కాదు, ఏమరుపాటుగా చేయగలిగిన పని కూడా కాదు. నీటిని ఆపేది ఒక సన్నని రబ్బరు ఓ-రింగ్ మాత్రమే. దాని మీద ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు, కడగకుండా వదిలేసిన ఉప్పు పలుకు ఉన్నా చాలు, ఇరవై మీటర్ల దగ్గర, ఒడ్డున ఉండే గాలి ఒత్తిడికి మూడు రెట్లుండే ఒత్తిడి ఆ సందులోంచి నీటిని తోసేస్తుంది. అందువల్ల ఈ పని పడవ మీద గాక ఇంట్లో, ఫ్యాన్ ఆపి, శుభ్రమైన బల్ల మీద, మంచినీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టిన కంప్యూటర్ మీద చేయాలి. పాత ఓ-రింగ్‌ను గోరుతో గాని పిన్నుతో గాని పెకలించకూడదు, అది కూర్చునే గాడి మీద గీత పడితే ఎన్ని కొత్త రింగులు వేసినా లాభం ఉండదు. సెల్‌తో పాటు ఓ-రింగ్ కూడా ఉన్న కిట్‌నే కొని ప్రతిసారీ రెండూ మార్చడం ఉత్తమం. గ్రీజు విషయంలో మాన్యువల్ చెప్పినట్టే చేయాలి. నల్లటి నైట్రైల్ రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే మేలు, రింగే సిలికాన్ రబ్బరుదైతే ఆ గ్రీజు వల్ల ఉబ్బిపోతుంది. సెల్‌ను అంచులతో పట్టుకోవాలి, పొడి గుడ్డతో తుడిచి ప్లస్, మైనస్ గుర్తులు సరిచూసి పెట్టాలి. మూత బిగించాక కాసేపు బకెట్ నీటిలో ఉంచి బుడగలు వస్తున్నాయేమో, అద్దం లోపల ఆవిరి పడుతోందేమో చూడాలి. బకెట్ పరీక్షలో లోతు ఒత్తిడి ఉండదు గనుక మార్చిన తరువాత మొదటి డైవ్‌ను లోతు తక్కువ ఉన్న చోట పెట్టుకోవాలి.

సెల్ మార్చినప్పుడు ఏది మిగులుతుంది, ఏది పోతుంది అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. కొన్ని కంప్యూటర్లు నైట్రోజన్ లెక్కను చెరగని జ్ఞాపకంలో దాచుకుంటాయి, కొన్ని సెల్ తీసిన కొద్ది నిమిషాల వరకే నిలుపుకుంటాయి, కొన్నిటిలో అంతా సున్నా అవుతుంది. కొనే ముందు మాన్యువల్ తెరిచి ఈ ఒక్క విషయం వెతకండి, అది అట్ట మీద రాసి ఉండదు. లెక్క చెరిగిపోయే రకమైతే, చివరి డైవ్ తరువాత కనీసం 24 గంటలు గడిచాకనే, మాన్యువల్ అంతకన్నా ఎక్కువ చెబితే అంతసేపు ఆగాకనే, సెల్ మార్చి మళ్ళీ నీటిలో దిగాలి. అందుకే తెర మీద బ్యాటరీ గుర్తు సగానికి వచ్చిందంటే, ఇంకా కొన్నాళ్ళు వస్తుందని తెలిసినా, యాత్రకు ముందే మార్చేయడం తెలివైన పని. మిగిలిన సగం గోడ గడియారానికో రిమోట్‌కో పనికిరాదని బాధపడనక్కర్లేదు, పోయేది ఒక సెల్ ధర మాత్రమే.

బటన్ సెల్‌ను అనుకోకుండా తినేసే అలవాటు ఒకటి ఉంది. చాలా కంప్యూటర్లకు నీరు తగలగానే మేల్కొనే లోహపు బిందువులు ఉంటాయి. తడి సంచిలో వేసి జిప్పు మూసేస్తే, లేదా బోటు మీద కడుగుడు తొట్టిలో గంటల తరబడి వదిలేస్తే, పరికరం తాను నీటిలోనే ఉన్నానని నమ్మి మేలుకునే ఉంటుంది. కడిగిన వెంటనే తీసి తుడిచి నీడలో ఆరబెట్టడమే దానికి మందు. చల్లని నీటి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అండమాన్, లక్షద్వీప్, మాల్దీవుల నీరు వెచ్చగా ఉంటుంది గనుక మనకు ఇది తెలియదు గాని, అమెరికాలోనో ఐరోపాలోనో ఉంటూ చెరువుల్లో, ఉత్తర సముద్రాల్లో డైవ్ చేసే తెలుగువారు గమనించే ఉంటారు: చలిలో సెల్ లోపలి నిరోధం పెరుగుతుంది, బ్యాక్‌లైట్ నొక్కగానే వోల్టేజీ కుంగుతుంది, ఒడ్డున సగం చూపించిన గుర్తు నీటి కింద హెచ్చరికగా మారుతుంది. ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రా చీలికలో నీరు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీల మధ్యే ఉంటుంది. అలాంటి చోటికి సగం వాడిన సెల్‌తో వెళ్ళకూడదు.

పసిపిల్లలున్న ఇంట్లో ఈ సెల్స్‌ను, పాతవాటిని సైతం, అందకుండా ఉంచాలి. మింగిన బటన్ సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేయగలదు, అనుమానం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

సర్వీస్ సెంటర్‌కు మాత్రమే తెరుచుకునేవి

రెండవ రకం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. సర్వీస్ సెంటర్ వారు సెల్ మార్చి, ఓ-రింగ్ మార్చి, ప్రెషర్ పరీక్ష చేసి ఇస్తారన్నది నిజమైన లాభమే. కానీ మన దేశంలో అలాంటి అధికారిక కేంద్రాలు చాలా తక్కువ, విశాఖపట్నం నుంచో విజయవాడ నుంచో కొరియర్‌లో పంపి తిరిగి తెప్పించుకోవడానికి వారాలు పట్టవచ్చు. వీధిలోని వాచీ రిపేరు షాపులో తెరిపిస్తే సెల్ సరిగ్గానే వేస్తారు గాని, ముప్పై మీటర్ల ఒత్తిడికి మూత తట్టుకుంటుందన్న హామీ వారు ఇవ్వలేరు, ఇవ్వమని అడగడం కూడా న్యాయం కాదు. కొత్తగా కొనేవారు ఈ రకాన్ని వదిలేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ఇప్పటికే చేతిలో ఉన్నవారు యాత్రకు రెండు నెలల ముందే పంపించుకోవాలి.

పెన్సిల్ సెల్

యాత్ర మధ్యలో చేతులారా సరిచేసుకోవడం ఒక్కటే కొలమానం అయితే పెన్సిల్ సెల్‌కు సాటి లేదు. పెర్డిక్స్ 0.9 వోల్టుల నుంచి 4.3 వోల్టుల వరకు ఏ ఏఏ సైజు సెల్‌నైనా తీసుకుంటుంది. అంటే మామూలు ఆల్కలైన్ సెల్, 1.5 వోల్టుల లిథియం సెల్, 1.2 వోల్టుల నికెల్ రీచార్జబుల్ సెల్, అదే కొలతలో 14500 అన్న పేరుతో వచ్చే 3.7 వోల్టుల లిథియం-అయాన్ సెల్, 3.6 వోల్టుల సాఫ్ట్ కంపెనీ లిథియం సెల్ అన్నీ అందులో పనిచేస్తాయి. మూత మీద గాడిలో ఒక నాణెం పెట్టి తిప్పితే తెరుచుకుంటుంది. స్వరాజ్ ద్వీప్ బజారులోనైనా, మాల్దీవుల్లో ఒక చిన్న ద్వీపపు దుకాణంలోనైనా ఆల్కలైన్ పెన్సిల్ సెల్ దొరుకుతుంది. రంగుల తెరా, అప్పటికప్పుడు దొరికే శక్తీ రెండూ కలిసివచ్చే ఏర్పాటు ఇది, అందుకే లోతైన టెక్నికల్ డైవింగ్ చేసేవారిలో దీని మీద అంత అభిమానం ఉంది.

ఏ సెల్ వేశారో కంప్యూటర్‌కు సరిగ్గా చెప్పడం మాత్రం మీ బాధ్యత. ఆల్కలైన్ సెల్ వోల్టేజీ వాడకంతో క్రమంగా తగ్గుతూ వస్తుంది గనుక ఎంత మిగిలిందో తెర నమ్మకంగా చూపించగలదు. 3.6 వోల్టుల లిథియం సెల్, నికెల్ సెల్ మాత్రం దాదాపు చివరి వరకు ఒకే వోల్టేజీ ఇచ్చి ఒక్కసారిగా పడిపోతాయి, అందువల్ల వాటితో గుర్తు నిండుగా ఉన్నప్పుడే ముగింపు దగ్గరపడి ఉండవచ్చు. అవి వేసేవారు గంటలు లెక్కపెట్టుకుని మార్చాలి. ఆల్కలైన్‌కు ఉన్న చెడ్డ గుణం కారడం. నెలల తరబడి లోపలే వదిలేస్తే కారిన రసాయనం స్ప్రింగును తినేస్తుంది. యాత్ర ముగియగానే సెల్ తీసేసి మూత వదులుగా పెట్టి ఉంచాలి. తరచూ తెరిచే మూత గనుక ఓ-రింగ్‌ను కూడా తరచూ చూసుకోవాలి. ఇక ధర: పెన్సిల్ సెల్ కంప్యూటర్లు ఆరంభ స్థాయివి కావు, బటన్ సెల్ మోడళ్ళకు కొన్ని రెట్లు ఉంటాయి, మణికట్టు మీద పరిమాణం కూడా ఎక్కువే.

చార్జింగ్ బ్యాటరీ

చార్జింగ్ కంప్యూటర్‌కు అన్నిటికన్నా పెద్ద లాభం దాన్ని తెరవనక్కర్లేకపోవడమే. మన చేతి పొరపాటుతో నీరు చొరబడే దారి ఒకటి పూర్తిగా మూసుకుపోతుంది. రోజూ రాత్రి చార్జ్ చేస్తే పొద్దున నిండు బ్యాటరీతో బోటు ఎక్కవచ్చు, శాతం అంకె తెర మీద కనిపిస్తూ ఉంటుంది, సెల్ ఎప్పుడు పోతుందోనన్న దిగులు ఉండదు. పెరెగ్రిన్‌కు మధ్యస్థ వెలుతురులో 30 గంటల వరకు వస్తుందని కంపెనీ చెబుతుంది, గార్మిన్ డిసెంట్ జీ1 డైవ్ మోడ్‌లో 25 గంటల వరకు వస్తుంది. రోజుకు నాలుగు డైవ్‌లు, ఒక్కొక్కటి 50 నిమిషాలు అనుకుంటే నీటిలో గడిపేది మూడు గంటల ఇరవై నిమిషాలు. వెలుతురు పూర్తిగా పెంచినా, పైన ఉన్నప్పుడు కొంత ఖర్చయినా, మూడు రోజులకు ఒకసారి చార్జ్ చేస్తే తేలిగ్గా గడిచిపోతుంది. వారం పాటు బోటు మీదే ఉండే లివ్‌అబోర్డ్ యాత్రలో జనరేటరు ఉంటుంది, సాకెట్లు ఉంటాయి, ఇబ్బంది లేదు.

ఇబ్బంది యాత్ర లేనప్పుడు మొదలవుతుంది. లిథియం-అయాన్ బ్యాటరీ కొన్ని వందల చార్జింగ్ ఆవృత్తుల తరువాత తన అసలు శక్తిలో 80 శాతం దరిదాపులకు పడిపోతుందన్న మాట మీరు విని ఉంటారు. ఏడాదికి రెండు యాత్రలు చేసేవారు ఆ వందలకు చేరడానికి పదేళ్ళు పడుతుంది, కాబట్టి అది మన సమస్య కాదు. మన సమస్య కాలం, ఎండ, మరుపు. ఈ బ్యాటరీ వాడకపోయినా ముసలిదవుతుంది. వేడిగా ఉన్నచోట నిండు చార్జ్‌తో ఉంటే ఇంకా త్వరగా అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రామగుండంలోనో రెంటచింతలలోనో మూసి ఉన్న ఇంట్లో బీరువా లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకోవచ్చు, ఎండలో నిలిపిన కారు లోపల అంతకన్నా ఘోరం. దీనికి ఎదురు తప్పు ఖాళీగా వదిలేయడం. పూర్తిగా అయిపోయిన బ్యాటరీ మెల్లమెల్లగా ఇంకా దిగజారి, కాపలా సర్క్యూట్ ఇక చార్జింగ్‌ను అనుమతించని స్థాయికి చేరితే, పరికరం మళ్ళీ లేవకపోవచ్చు. సగం చార్జ్‌తో, ఇంట్లో చల్లగా ఉండే గదిలో, పూర్తిగా ఆపేసి పెట్టి, రెండు మూడు నెలలకోసారి తీసి చూసుకుని మళ్ళీ సగానికి తెచ్చిపెట్టాలి. ఫోనులో గుర్తుచేసే అలారం పెట్టుకుని ఈ నియమం పాటించగలనని నిజాయితీగా అనుకునేవారికే ఈ రకం తగినది.

చార్జర్ సంగతి కూడా చూడాలి. కొన్ని మోడళ్ళు వాటికి మాత్రమే పనికివచ్చే క్లిప్పు తీగతో చార్జ్ అవుతాయి. అది హోటల్ గదిలో మరచిపోతే యాత్ర అక్కడితో ఆగినట్టే, ద్వీపంలో ఇంకొకటి దొరకదు. లోహపు బిందువుల మీద ఉప్పు పేరుకుంటే చార్జ్ ఎక్కదు. మంచినీటితో కడిగి, మెత్తని బ్రష్షుతో తుడిచి, పూర్తిగా ఆరాకనే తీగ తగిలించాలి, ఎందుకంటే తడి మీద కరెంటు పారితే ఆ బిందువులు తినేసుకుపోతాయి. పెరెగ్రిన్, టెరిక్ లాగా తీగ తగిలించకుండా చార్జ్ అయ్యేవాటికి ఈ బెడద లేదు, దీన్ని నేను చాలా పెద్ద సుగుణంగా చూస్తాను. రోజంతా చేతికి పెట్టుకుని ఫోన్ కబుర్లు, నడక, నిద్ర అన్నీ లెక్కించే స్మార్ట్‌వాచీని డైవింగ్‌కు కూడా వాడేవారు మరో సంగతి గమనించాలి: ఆ బ్యాటరీ డైవ్‌లతో కాదు, రోజువారీ వాడకంతో అరిగిపోతుంది, మూడు నాలుగేళ్ళకే దాని ఓపిక తగ్గడం కనిపిస్తుంది.

చివరికి బ్యాటరీ ముసలిదైనప్పుడు ఏమవుతుంది? కంపెనీకి పంపి మార్పించుకోవాలి, లేదా పరికరాన్ని వదులుకోవాలి. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీల చట్టం 2027 ఫిబ్రవరి 18 నుంచి చేతి పరికరాల బ్యాటరీలను వాడేవారే తీసి మార్చుకోగలిగేలా ఉండాలని చెబుతోంది. అయితే ప్రధానంగా నీటిలో పనిచేయడానికే తయారయ్యే కొన్ని రకాల వస్తువులకు అదే చట్టం మినహాయింపునిచ్చి, స్వతంత్ర నిపుణులు మార్చగలిగితే చాలునంటోంది. కాబట్టి ఆ చట్టం వచ్చిందని ముందు ముందు డైవ్ కంప్యూటర్లన్నీ ఇంట్లో తెరుచుకుంటాయని ఆశపడి కొనుగోలు వాయిదా వేయడం తగదు. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. ఏ రకమైనా చెత్తబుట్టలో వేయకుండా సేకరణ కేంద్రానికి ఇవ్వాలి.

విమానంలోనూ, సిలిండరు మీదా

విడి లిథియం సెల్స్, పవర్‌బ్యాంకులు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతిసంచిలోనే తీసుకువెళ్ళాలి. రీచార్జ్ అయ్యేవాటికి 100 వాట్-అవర్లు, రీచార్జ్ కానివాటికి 2 గ్రాముల లిథియం మామూలు పరిమితి. ఇక్కడ చెప్పిన సెల్స్ ఏవీ ఆ పరిమితి దరిదాపులకు కూడా రావు. వాటిని అసలు ప్యాకెట్లోనే ఉంచాలి, లేదా కొసలకు టేపు అంటించాలి. కంప్యూటర్‌ను కూడా చేతిసంచిలోనే పెట్టుకోవడం మంచిది, చార్జింగ్ రకమైతే తప్పనిసరిగా.

గాలి ఎంత మిగిలిందో మణికట్టు మీద చూపించే ట్రాన్స్‌మిటర్ తీసుకునేవారు ఒకటి మరచిపోకూడదు. కంప్యూటర్ చార్జింగ్‌దైనా, సిలిండరు వైపు రెగ్యులేటరుకు బిగించే ట్రాన్స్‌మిటర్‌కు సాధారణంగా విడి సెల్లే ఉంటుంది. షియర్‌వాటర్ స్విఫ్ట్‌కు సీఆర్123ఏ పడుతుంది. అంటే చార్జింగ్ కంప్యూటర్ కొన్నంత మాత్రాన ఓ-రింగ్‌ల నుంచి, విడి సెల్స్ నుంచి పూర్తిగా విముక్తి దొరకదు.

ఎవరికి ఏది

డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేసి, ఏడాదికి ఒకసారి అండమాన్‌కో కర్ణాటక తీరంలోని నేత్రాణి ద్వీపానికో వెళుతూ, అప్పుడప్పుడు రుషికొండ దగ్గర నీటిలో దిగే వ్యక్తికి, కళ్ళు బాగున్నంతవరకు, ఇంట్లోనే మార్చుకోగలిగే బటన్ సెల్ కంప్యూటర్‌నే నేను సూచిస్తాను. పది నెలలు పట్టించుకోకపోయినా అది మిమ్మల్ని శిక్షించదు. మిగిలిన డబ్బుతో ఇంకొన్ని డైవ్‌లు చేయవచ్చు, ఆ దశలో వాటికన్నా విలువైనది లేదు.

నెలలో చాలా రోజులు నీటిలోనే గడిపే డైవ్‌మాస్టర్లకు, శిక్షకులకు చార్జింగ్ కంప్యూటర్ బాగా కుదురుతుంది, ఎందుకంటే వారి చేతిలో అది ఎప్పుడూ ఖాళీగా పడి ఉండదు, బ్యాటరీకి కావలసిన క్రమశిక్షణ వారి దినచర్యలోనే ఉంది. ఏడాదికి మూడు నాలుగు యాత్రలు చేసేవారికి, చత్వారం వచ్చినవారికి కూడా ఇదే. వారిలో తీగ లేకుండా చార్జ్ అయ్యే మోడల్‌కు స్థోమత ఉన్నవారు దాన్నే తీసుకోవాలి. కరెంటు నమ్మకం లేని చోట్లకు, అండమాన్‌లోని బారెన్ ద్వీపం వైపు వెళ్ళే రోజుల తరబడి బోటు ప్రయాణాలకు, డికంప్రెషన్ ఆగుళ్ళు (పైకి వచ్చేటప్పుడు ఒంట్లోని నైట్రోజన్ బయటికి పోవడానికి మధ్యలో ఆగడం) తప్పనిసరి అయ్యే లోతులకు వెళ్ళేవారు ధర భరించగలిగితే పెన్సిల్ సెల్ రకమే ఎంచుకోవాలి. అలాంటి డైవ్‌లకు రెండవ కంప్యూటర్ ఎలాగూ కావాలి గనుక, రెండింటి బ్యాటరీలు వేర్వేరు రకాలుగా ఉండేలా చూసుకుంటే ఒకే కారణంతో రెండూ ఒకేసారి ఆగిపోయే అవకాశం తగ్గుతుంది. నా అంచనాలో ఒక ఖరీదైన చార్జింగ్ కంప్యూటర్, దానికి తోడుగా మొదటి డైవ్ నుంచీ రెండవ చేతికి కట్టుకున్న చవకైన బటన్ సెల్ కంప్యూటర్ ఉన్న జంట, రెండు ఖరీదైన చార్జింగ్ కంప్యూటర్ల కన్నా నమ్మదగినది.

రెండవ చేతికి కట్టుకునే కంప్యూటర్ అన్నప్పుడు మొదటి డైవ్ నుంచీ అని చెప్పడానికి కారణం ఉంది. సంచిలో ఉండిపోయిన కంప్యూటర్‌కు మీ నైట్రోజన్ లెక్క తెలియదు. మధ్యలో ఒకటి ఆగిపోతే దాన్ని తీసి కట్టుకోవడం వల్ల గాని, తోటి డైవర్ కంప్యూటర్‌ను చూసి నడుచుకోవడం వల్ల గాని ఆ లెక్క తిరిగి రాదు. రెండవది లేకుండా నీటి కింద తెర ఆరిపోతే నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకుండా నెమ్మదిగా పైకి వచ్చి, గాలి ఉంటే ఐదు మీటర్ల దగ్గర మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి, ఆ తరువాత కనీసం 24 గంటలు డైవింగ్ మానుకోవాలి.

వాడిన కంప్యూటర్ కొనేవారికి బ్యాటరీ రకం ఇంకా ముఖ్యం. బటన్ సెల్ రకంలో మూత తెరిపించి, లోపల ఉప్పు మరకలు, పచ్చని తుప్పు, ఓ-రింగ్ గాడి మీద గీతలు ఉన్నాయేమో కళ్ళతో చూడవచ్చు. అవి లేకపోతే కొత్త సెల్ వేసి ధైర్యంగా తీసుకోవచ్చు. చార్జింగ్ రకంలో లోపల ఏముందో కనిపించదు. కొన్న సంవత్సరం రసీదుతో చూపించమని అడగండి, పూర్తిగా చార్జ్ చేయించి, వెలుతురు నిండుగా పెట్టి రెండు గంటలు తెర వెలిగించి ఉంచి శాతం ఎంత పడిందో చూడండి, ఆ మోడల్‌కు ఇప్పటికీ బ్యాటరీ మారుస్తున్నారా, మారిస్తే ఎంత ఖర్చవుతుందో కంపెనీని అడిగి ఆ మొత్తాన్ని అమ్మేవారు చెప్పిన ధర నుంచి తగ్గించి బేరమాడండి. కంపెనీ ఇప్పుడు బ్యాటరీ మార్చడం లేదని తేలితే, ధర ఎంత ఆకర్షణగా ఉన్నా ఆ కంప్యూటర్‌ను కొనకండి.